బీఎడ్ ఇంటర్న్‌షిప్‌లో వెబ్ టూల్స్: ఎన్ని నేర్చుకోవాలి, క్లాసులో ఎలా వాడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీది కదిరి. బెంగళూరులో బీఎడ్ రెండో సంవత్సరం. ఇంటర్న్‌షిప్‌లో ఏడు, ఎనిమిది తరగతులకు సైన్స్ చెబుతున్నారు. ప్రతి లెసన్ ప్లాన్‌లో ఐసీటీ (కంప్యూటర్, నెట్ లాంటి టెక్నాలజీ వాడకం) ఉండాలని సూపర్‌వైజర్ పట్టుబడుతున్నారు. కాలేజీ వాళ్లు ఇచ్చిన లిస్టులో ఇరవై దాకా వెబ్ టూల్స్ ఉన్నాయి. మీ స్కూల్లో మాత్రం ప్రొజెక్టర్ ఒక్కటే, పిల్లలు ఫోన్ తేకూడదు, వైఫై స్టాఫ్‌రూమ్ దాటి రాదు. ఇవన్నీ ఎప్పుడు నేర్చుకోవాలి, ఈ విషయాల్లో పిల్లలకే నాకంటే ఎక్కువ తెలిసి ఉంటే ఎలా అని టెన్షన్ పడుతున్నారు.

సూటిగా చెప్పాలంటే ఇరవై అక్కర్లేదు, ఇంటర్న్‌షిప్‌కి రెండు చాలు. ఒకటి, సుద్దముక్కతో బోర్డు మీద చూపించలేనిదాన్ని చూపించేది. రెండోది, క్లాసులో ఉన్న పిల్లలందరూ ఏమనుకుంటున్నారో మీకు తెలియజేసేది. సైన్స్‌కి నేను చెప్పేవి ఫెట్ సిమ్యులేషన్లు (తెర మీద చేసి చూసే ప్రయోగాలు), ప్లికర్స్ (పిల్లలు ఎత్తిన కార్డుల్ని టీచర్ ఫోన్ కెమెరా చదివే క్విజ్). రెండింటికీ పిల్లల చేతిలో ఫోన్ ఉండాల్సిన పని లేదు, మీ ల్యాప్‌టాప్, మీ ఫోన్ సరిపోతాయి. మిగతా లిస్టు ఉద్యోగంలో చేరాక అవసరం పడినప్పుడు చూసుకోవచ్చు.

నేను బెంగళూరులోనే సైన్స్ టీచర్‌ని. మా స్కూలుకు ఇంటర్న్‌షిప్‌కి వచ్చే బీఎడ్ వాళ్ల క్లాసులు వెనక బెంచీలో కూర్చుని చూడటం కూడా నా పనే. అక్కణ్నుంచి ఎక్కువగా కనిపించేది పీపీటీ. స్లైడ్ మీద పేరా ఉంటుంది, ట్రైనీ దాన్ని చదువుతారు, పిల్లలు నోట్స్‌లోకి ఎక్కించుకుంటారు. రికార్డులో ఐసీటీ గడి నిండుతుంది. దీనికి కరెంటు, ప్రొజెక్టర్, పావుగంట సెటప్ ఎందుకో నాకు అర్థం కాదు. బోర్డు మీద రాసినా అదే జరిగేది, పైగా టీచర్ రాస్తున్నంతసేపూ పిల్లలకి ఆలోచించుకునే టైమ్ ఉండేది. టీచర్ నుంచి పిల్లలకి విషయం చేరవేయడానికి నోరు, బోర్డు ఎప్పట్నుంచో ఉన్నాయి. పిల్లల నుంచి టీచర్‌కి రావాల్సింది రావడమే కష్టం. నలభై మందిలో చెయ్యెత్తేది ఆ అయిదారుగురే. మిగతావాళ్లు ఏమనుకుంటున్నారో యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దేదాకా తెలియదు. వెబ్ టూల్ పనికొచ్చేది అక్కడ.

ఒక పాఠంలో ఇది ఎలా ఉంటుందో చెబుతాను. ఏడో తరగతి, విద్యుత్ వలయం. సెల్, స్విచ్, బల్బు అయిపోయాయి. అప్పుడు ఈ ప్రశ్న వేయండి: ఒక బ్యాటరీకి ఒకే రకం బల్బులు రెండు ఒకదాని తర్వాత ఒకటి వరసగా కలిపాను. ఏది ఎక్కువ వెలుగుతుంది? ఎ) ప్లస్ వైపు ఉన్నది బి) మైనస్ వైపు ఉన్నది సి) రెండూ సమానంగా డి) ఏదీ వెలగదు. నోటితో అడిగితే ముందు బెంచీ పిల్లాడు 'సేమ్ మేడమ్' అంటాడు, క్లాసంతా 'సేమ్' అంటుంది, మీరు 'వెరీ గుడ్' అని ముందుకెళ్లిపోతారు. అదే ప్లికర్స్ కార్డులతో అడగండి, చాలామంది 'ఎ' ఎత్తుతారు. ఎందుకని అడిగితే, 'మొదటి బల్బు కొంచెం కరెంట్ తినేస్తుంది కదా మేడమ్, మిగిలిందే రెండోదానికి పోతుంది' అంటారు. ఇది అజ్ఞానం కాదు. వాళ్లు చూసిన ప్రపంచంలో వాడితే తరిగిపోని వస్తువు లేదు, అందుకే అలా అనుకుంటారు. ఏ దేశం పిల్లలైనా ఇదే పొరపాటు పడతారు. కానీ వాళ్ల మనసులో అది ఉందని తెలియకుండా మీరు ఎన్ని నిర్వచనాలు చెప్పినా అది అలాగే ఉండిపోతుంది.

కార్డులు ఎత్తించాక సరైన జవాబు చెప్పకండి. ఫోన్లో వచ్చిన గ్రాఫ్ కూడా వెంటనే చూపించకండి, ఎక్కువమంది ఎటుంటే అందరూ అటే తిరుగుతారు. పక్కవాళ్లతో రెండు నిమిషాలు మాట్లాడుకోమనండి. బెంగళూరు క్లాసు కాబట్టి ఒక బెంచీలో కన్నడ, ఇంకో బెంచీలో తెలుగు, వెనక హిందీ వినిపిస్తాయి. వినిపించనివ్వండి, ఆ రెండు నిమిషాలకి ఇంగ్లిష్ రూల్ పక్కన పెట్టండి. తర్వాత మళ్లీ కార్డులు ఎత్తించండి. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మాజూర్ 1990లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. పియర్ ఇన్‌స్ట్రక్షన్ అంటారు, మీ వైవాలో అడిగినా అడుగుతారు. మొదటిసారి సరైన జవాబు చెప్పినవాళ్లు మూడోవంతు కూడా లేకపోతే చర్చ వల్ల లాభం లేదు, పాఠం ఇంకోసారి చెప్పాలి. దాదాపు అందరూ సరిగ్గా చెబితే చర్చ అనవసరం. మధ్యలో ఉన్నప్పుడే పిల్లల మాటలకి బలం.

ఇప్పుడు ఫెట్ తెరవండి. కొలరాడో యూనివర్సిటీలో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ప్రాజెక్ట్ అది, అన్నీ ఉచితం. అందులో సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్: డీసీ అనే సిమ్యులేషన్ ఉంది. బ్యాటరీ, వైర్లు, రెండు బల్బులు లాగి కలపండి. కలిపేది మీరు కాదు, 'ఎ' ఎత్తిన పిల్లల్లో ఒకరిని పిలిచి వాళ్లచేత కలిపించండి. చివరి వైరు అతికించగానే రెండు బల్బులూ ఒకేలా వెలుగుతాయి. ఎలక్ట్రాన్లు చిన్న నీలం చుక్కలుగా కదులుతుంటాయి. మొదటి బల్బుకి ముందూ, రెండు బల్బుల మధ్యా, రెండో బల్బు తర్వాతా అవే చుక్కలు, అదే వేగం. 'ఎక్కడ తరిగింది, చూపించు' అని అడగండి. సుద్దముక్కతో చూపించలేనిది అంటే ఇదే. ఆ తర్వాత ఎవడో ఒకడు బ్యాటరీ రెండు కొనలకీ నేరుగా వైరు పెడతాడు, తెర మీద మంట వస్తుంది, క్లాసు గోలగోల అవుతుంది. ఆపకండి, షార్ట్ సర్క్యూట్ పాఠం దానంతట అదే వచ్చింది.

సిమ్యులేషన్‌తో ఆగిపోవద్దు. నిజమైన సెల్స్, రెండు టార్చి బల్బులు పెట్టి అదే చేసి చూపించండి. ఇక్కడో చిక్కు ఉంది. దుకాణంలో ఒకే రకమని ఇచ్చిన బల్బులు కూడా సరిగ్గా ఒకేలా ఉండవు, ఒకటి కాస్త ఎక్కువ వెలగొచ్చు. 'చూశారా, నేను చెప్పిందే కరెక్ట్' అని ఎవరో లేస్తారు. కంగారు పడకుండా రెండు బల్బుల చోట్లు మార్చండి. ఎక్కువ వెలిగే బల్బు ఇప్పుడు రెండో చోట కూడా ఎక్కువే వెలుగుతుంది. అంటే తేడా బల్బులో ఉంది, చోటులో లేదు. ఈ చిన్న మార్పిడి చూసి ఒప్పుకున్న పిల్లలు, తెర మీద నీలం చుక్కలు చూసి ఒప్పుకున్నవాళ్ల కంటే ఎక్కువ. ఎలక్ట్రాన్లు నిజంగా నీలం రంగు గోలీలు కావని కూడా ఒక మాట అనేయండి. లేకపోతే పరీక్షలో అలాగే రాసేవాళ్లు ఉంటారు.

ప్లికర్స్ గురించి పని జరిగే వివరాలు. కార్డుల పీడీఎఫ్ వాళ్ల వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. మామూలు సెట్ 40, పెద్ద సెట్ 63. ప్రతి కార్డు మీదా వేరే నలుపు గుర్తు, నాలుగు అంచుల్లో చిన్నగా ఎ, బి, సి, డి ఉంటాయి. ఏ జవాబు చెప్పాలో ఆ అక్షరం పైకి వచ్చేలా పిల్లలు కార్డు తిప్పి పట్టుకుంటారు. గుర్తులు అందరివీ వేరు కాబట్టి పక్కవాడు ఏం ఎత్తాడో కనిపెట్టి కాపీ కొట్టడం కుదరదు. మీరు ఫోన్ కెమెరాని క్లాసు మీదుగా ఒకసారి తిప్పితే చాలు. కార్డులు మందపాటి పేపర్ మీద ప్రింట్ తీయండి. మెరిసే లామినేషన్ మాత్రం చేయించకండి, ట్యూబ్‌లైట్ వెలుగు పడితే కెమెరా చదవదు. వేళ్లు గుర్తు మీద పడినా చదవదు, కాబట్టి మొదటిరోజు ఒక సరదా ప్రశ్నతో పట్టుకోవడం నేర్పండి. దోసె, ఇడ్లీ, పులిహోర, రాగిముద్ద, ఏది ఇష్టం అని అడిగితే చాలు. ప్రొజెక్టర్ దొరకని రోజు ప్రశ్న బోర్డు మీద రాసేయండి, పని ఆగదు. మీ ఫోన్ డేటా సరిపోతుంది.

ప్రశ్నలు తయారుచేయడం టూల్ నేర్చుకోవడం కంటే కష్టం. చాట్‌జీపీటీనో జెమినైనో అడిగితే పది బిట్లు నిమిషంలో ఇస్తాయి. తప్పుడు ఆప్షన్లు మాత్రం పేలవంగా ఉంటాయి, చూడగానే తప్పని తెలిసిపోతాయి. మంచి తప్పుడు ఆప్షన్ పిల్లల నోట్‌బుక్‌లో దొరుకుతుంది. మీరు దిద్దుతున్న నోట్సుల్లో మళ్లీమళ్లీ కనిపించే తప్పుని ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి, అదే రేపటి ఆప్షన్. ఏఐ ఇచ్చిన ప్రశ్న వాడితే జవాబుని టెక్స్ట్‌బుక్‌తో సరిచూడకుండా క్లాసుకి తీసుకెళ్లకండి.

నెట్ ఉండదనే అనుకుని ప్లాన్ రాయండి. ఫెట్ సిమ్యులేషన్ పేజీలో డౌన్‌లోడ్ బటన్ ఉంటుంది. నొక్కితే ఒకే ఒక్క ఫైల్ వస్తుంది, దాన్ని క్రోమ్‌లో తెరిస్తే నెట్ లేకుండా నడుస్తుంది. కొన్ని సిమ్యులేషన్లు తెలుగు, కన్నడ భాషల్లో కూడా ఉన్నాయి, అదే పేజీలో ట్రాన్స్‌లేషన్స్ కింద చూడండి. ప్రభుత్వ దీక్ష యాప్‌లో ఉన్న పాఠాలు కూడా ముందే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. 2017లో వచ్చిన ఆ వేదిక మీద మీ టెక్స్ట్‌బుక్ క్యూఆర్ కోడ్‌లకి సంబంధించిన వీడియోలు ఉంటాయి. అన్నీ బాగుంటాయని చెప్పను, ముందు మీరు పూర్తిగా చూడండి. యూట్యూబ్‌ని పిల్లల ముందు తెర మీద తెరిచి వెతకడం అసలు వద్దు. పక్కన ఏ వీడియో బొమ్మ వస్తుందో, మధ్యలో ఏ ప్రకటన వస్తుందో మన చేతిలో లేదు. వీడియో ఏదైనా రెండు మూడు నిమిషాలు దాటకుండా వేసి, మధ్యలో ఆపి, 'తర్వాత ఏమవుతుంది?' అని అడగండి.

ఎనిమిదో తరగతి గురించి కూడా అడిగారు కాబట్టి ఒక ఉదాహరణ. నీటి కాలుష్యం పాఠానికి గంగానది ఫొటోలు చూపించే బదులు మన ఊళ్లోని బెళ్లందూరు చెరువు చూపించండి. గూగుల్ ఎర్త్‌లో టైమ్‌లాప్స్ అని ఉంది, 1984 నుంచి ఏటేటా ఉపగ్రహ చిత్రాలు వరసగా నడుస్తాయి. చెరువు చుట్టూ పచ్చదనం పోయి ఇళ్లు, ఆఫీసులు ఎలా కమ్ముకున్నాయో కొన్ని సెకన్లలో కనిపిస్తుంది. నురగ కక్కే ఆ చెరువులో 2015లో, 2017లో, 2018లో మంటలు లేచాయని చెబితే పిల్లలు నమ్మరు. నీళ్లకి నిప్పెలా అంటుకుంటుంది మేడమ్ అంటారు. అక్కణ్నుంచి శుద్ధి చేయని మురుగు, డిటర్జెంట్లు, ఫాస్ఫేట్లు అన్నీ వాళ్ల ప్రశ్నకి జవాబులుగా వస్తాయి. తర్వాత మ్యాపు మీద నీటిదారి పట్టుకుని పొమ్మనండి. బెళ్లందూరు నుంచి వర్తూరు చెరువు, అక్కణ్నుంచి దక్షిణ పినాకిని నది, ఆపైన తమిళనాడు. ఒక హెచ్చరిక: గూగుల్ ఎర్త్ తెరిచిన క్లాసులో మొదటి అయిదు నిమిషాలు 'మా ఇల్లు చూపించండి'తోనే పోతాయి. అది ప్లాన్‌లోనే రాసుకోండి, అడ్డుకుంటే పాఠం మీద దృష్టి ఎలాగూ ఉండదు. ఇది నెట్ లేకపోతే నడవదు కాబట్టి ఫోన్ హాట్‌స్పాట్ మీద ముందే ఒకసారి తెర రికార్డింగ్ చేసి పెట్టుకోండి.

మీ లిస్టులోని మిగతావాటి గురించి రెండు మాటలు. కహూట్ అనే క్విజ్ ఆట పిల్లలకి తెగ నచ్చుతుంది. కానీ ప్రతి జట్టుకీ ఒక ఫోనో ట్యాబో కావాలి, పైగా మామూలు పద్ధతిలో ఎంత తొందరగా నొక్కితే అన్ని పాయింట్లు. నెమ్మదిగా ఆలోచించే పిల్లలు రెండో ప్రశ్నకే చేతులెత్తేస్తారు. యూనిట్ చివర రివిజన్‌కి అయితే సరే. అందరూ రాసే ఆన్‌లైన్ బోర్డు ప్యాడ్‌లెట్ వాడితే మీరు ఒప్పుకున్నాకే పోస్టు కనిపించేలా సెట్టింగ్ పెట్టండి, ఎందుకో మొదటిరోజే తెలుస్తుంది. జియోజీబ్రా లెక్కల టీచర్లకి బంగారం, మీ సబ్జెక్టుకి ఇప్పుడే తొందర లేదు.

గూగుల్ ఫామ్స్ ఇంటిపనికి బాగుంటుంది, అయితే ఇళ్ల సంగతి తెలిసి వాడాలి. చాలా ఇళ్లలో ఉండే ఒక్క స్మార్ట్‌ఫోన్ నాన్న జేబులో ఉంటుంది, రాత్రి ఎనిమిదికి ఇంటికొస్తుంది. అందుకని అదే రోజు గడువు పెట్టకండి, శని, ఆదివారాలు కలిసొచ్చేలా ఇవ్వండి. 'ఒక్కసారే జవాబు' అనే సెట్టింగ్ ఆన్ చేస్తే గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అడుగుతుంది. ఒకే ఫోన్లో అక్కా తమ్ముడూ జవాబివ్వాలంటే ఇరుక్కుంటారు. దాన్ని ఆఫ్ చేసి, మొదటి ప్రశ్నగా రోల్ నంబర్ అడగండి. ఫోన్ లేని పిల్లలకి అవే ప్రశ్నలు కాగితం మీద ఇవ్వండి. అది కూడా విడిగా పిలిచి కాకుండా, 'ఎవరికి కావాలంటే వాళ్లు పేపర్ తీసుకోండి' అని టేబుల్ మీద పెట్టండి.

పిల్లల వివరాల విషయంలో జాగ్రత్త. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లందరూ పిల్లలే, వాళ్ల వివరాలు వాడటానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలి. మీరు స్కూలుకి అతిథి. అందుకే ప్లికర్స్‌లో పేర్లకి బదులు రోల్ నంబర్లు ఎక్కించండి, ఫొటోలు వద్దు, పిల్లలతో వాట్సాప్ గ్రూప్ అస్సలు వద్దు. రికార్డులో అతికించే ఫొటోల్లో కూడా ముఖాలు కాకుండా కార్డులు, వెనకనుంచి క్లాసు కనిపించేలా తీయండి. ముందు హెడ్‌మాస్టర్‌ని అడిగి, క్లాసులో మీ ఫోన్ వాడటానికి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

ఇరవై టూల్స్ ఎందుకు వద్దంటున్నానంటే, అవి అద్దె ఇళ్లలాంటివి, ఓనర్ ఖాళీ చేయమంటే చేయాల్సిందే. వెబ్‌లో యానిమేషన్లు నడిపే ఫ్లాష్ 2020 చివర ఆగిపోయింది, దానితోపాటు టీచర్లు ఏళ్ల తరబడి పోగేసుకున్న యానిమేషన్లు నడవడం మానేశాయి. కరోనా కాలంలో ఆన్‌లైన్ క్లాసుల్లో అందరం వాడిన ఆన్‌లైన్ వైట్‌బోర్డు గూగుల్ జామ్‌బోర్డ్ 2024 డిసెంబర్ 31తో మూతపడింది. క్విజ్‌ల సైటు క్విజిజ్ 2025లో వేగ్రౌండ్ అని పేరు మార్చుకుంది, పాత స్క్రీన్‌షాట్లు పట్టుకుని వెతికేవాళ్లకి దొరకదు. బటన్లు బట్టీ పట్టినవాళ్లకి ప్రతిసారీ మొదటికొస్తుంది. ప్రశ్న వేయడం, జవాబులు చూసి పాఠం మార్చుకోవడం వచ్చినవాళ్లు కొత్త టూల్‌ని ఒక సాయంత్రం కూర్చుని నేర్చేసుకుంటారు.

సూపర్‌వైజర్ సంగతి. ఆయన అడిగేది తప్పేం కాదు, గడిలో మీరు ఏం రాస్తున్నారన్నదే విషయం. 'ఐసీటీ: పీపీటీ, వీడియో' అని రాస్తే ఆయనకి అడగడానికి ఏమీ ఉండదు. ఇలా రాయండి: 'సిరీస్ బల్బుల మీద ప్రశ్న, ప్లికర్స్‌తో. ఎ, సి మధ్య క్లాసు చీలితే జంట చర్చ, తర్వాత ఫెట్. దాదాపు అందరూ సి అంటే ఫెట్ వదిలేసి ప్యారలల్‌కి వెళ్లడం.' జవాబుని బట్టి పాఠం రెండు దారుల్లో పోతుందని ప్లాన్‌లో కనిపించాలి. నేను ట్రైనీల రికార్డుల్లో వెతికేది ఇదే. పీరియడ్‌లో టూల్ నడిచే సమయం పది పన్నెండు నిమిషాలు మించకుండా చూసుకోండి. ఐసీటీ లేని పాఠం ఒకటి ఉంటే అక్కడ 'అవసరం లేదు, కారణం ఇది' అని రాసే ధైర్యం చేయండి. విత్తనాలు మొలకెత్తడం చూపించడానికి తడిపిన శనగలు ఉండగా వీడియో ఎందుకు?

పిల్లలకి ఎక్కువ తెలుసేమో అన్న టెన్షన్ వదిలేయండి. ఫోన్ నొక్కడం వాళ్లకి నిజంగానే ఎక్కువ తెలుసు. ప్రొజెక్టర్‌లో తెర కనిపించకపోతే మీకంటే ముందు వాళ్లే లేచి విండోస్, పీ బటన్లు కలిపి నొక్కుతారు. ఇద్దరిని ఆ పనికే పెట్టేయండి, వారం వారం మార్చండి, ఆడపిల్లల్ని కూడా తప్పకుండా పెట్టండి. కరెంట్ తరగదని ఎలా తెలుసుకోవాలో వాళ్లకి తెలియదు, మీకు తెలుసు. మీ ఉద్యోగం అది.

ఇంకొకటి, వైర్ల గొడవ. స్కూళ్లలో పాత ప్రొజెక్టర్లకి వీజీఏ (పాత రకం వీడియో పోర్టు) మాత్రమే ఉంటుంది, కొత్త ల్యాప్‌టాప్‌లకి అది ఉండదు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే అడాప్టర్ మీ సొంతానిది ఒకటి బ్యాగులో ఉండాలి, బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్‌లో దొరుకుతుంది. కొనేముందు ప్రొజెక్టర్ వెనక భాగం, మీ ల్యాప్‌టాప్ పక్క భాగం ఫొటోలు తీసుకుని వెళ్లి చూపించండి. వీజీఏలో సౌండ్ రాదు కాబట్టి చిన్న స్పీకర్ కూడా చూసుకోండి.